మూడు గుర్రాలు, ఒక మునక ఊరు

మొత్తం సినిమా 57 నిమిషాలు. మన సినిమాకైతే అప్పటికి ఇంటర్వెల్ కూడా పడదు. ఆ కాస్త టైములోనే ఒక లోయ, లోయలో ఒక పల్లె, పల్లెకు యాభయ్యేళ్ళ పండగ, పండగ నడిమధ్యలో ‘ఊరు ఖాళీ చెయ్యాలి’ అనే కబురు, కంట్రాక్టరు మోసం, మూడు గుర్రాల మీద ముగ్గురు స్నేహితులు, పేలే తుపాకులు, పగిలే దవడలు అన్నీ అయిపోయి హాల్లో లైట్లు వెలుగుతాయి. 1939 ఆగస్టులో రిపబ్లిక్ పిక్చర్స్ వాళ్ళు వదిలిన ‘న్యూ ఫ్రాంటియర్’ ఇది. హీరో జాన్ వేన్. అయినా ఆయన గొప్ప సినిమాల జాబితా ఎవరు రాసినా దీని పేరు కనపడదు. కనపడాలని నేనూ పట్టుబట్టను. చవకగా, గబగబా తీసిన సినిమా. ఆ గబగబ తెర మీద తెలిసిపోతూనే ఉంటుంది.

నాకు మాత్రం దీనిమీద మమకారం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కర్నూలు వైపు భూసేకరణ ఆఫీసుల్లో గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి. కౌబాయ్ సినిమాలంటే చిన్నప్పటినుంచీ పిచ్చి. బ్యాంకు దోపిడీలు, బంగారు గనులు, పశువుల దొంగలు, లంచగొండి షెరీఫులు, ఇవన్నీ చూసి చూసి ఉన్నాను. రిజర్వాయరు కింద భూమి పోయేవాళ్ళకు బదులు ఏమిస్తారన్న పేచీ మీద నడిచే కౌబాయ్ సినిమా మాత్రం ఇదొక్కటే నా కంటబడింది.

ఇది ‘త్రీ మెస్కిటీర్స్’ అనే వరసలో ఒక ముక్క. అలెగ్జాండర్ డ్యూమా సృష్టించిన ఫ్రెంచి కత్తివీరులు ముగ్గురూ లోకానికంతా తెలిసినవాళ్ళే. విలియం కోల్ట్ మెక్‌డొనాల్డ్ అనే నవలా రచయిత ఆ ముచ్చటను అమెరికా పడమటికి పట్టుకొచ్చి, కత్తుల చోట పిస్తోళ్ళు పెట్టి, మెస్కీట్ ముళ్ళకంపల మధ్య తిప్పాడు. ఆ మెస్కీట్ ఎక్కడిదో కాదు, మన చెరువుగట్లన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. 1935లో ఆర్.కె.ఓ. కంపెనీ ‘పౌడర్‌స్మోక్ రేంజ్’ పేరుతో ఈ పాత్రల మీద ఒక సినిమా తీసింది. మరుసటేడు రిపబ్లిక్ అందుకుని 1943 దాకా వదల్లేదు. మొత్తం 51 సినిమాలు!

ముగ్గురి పేర్లు స్టోనీ బ్రూక్, టక్సన్ స్మిత్, లలబై జాస్లిన్. స్టోనీది దుందుడుకు స్వభావం, అందగాడు, అమ్మాయిల వైపు చూసేది అతనే. టక్సన్ కండలవాడు, మాట తక్కువ. లలబై నవ్వించేవాడు. మొదట్లో స్టోనీగా రాబర్ట్ లివింగ్‌స్టన్ వేసేవాడు. టక్సన్‌గా రే ‘క్రాష్’ కారిగన్. ఈయన వేరే సినిమాల్లో గొరిల్లా తోలు తొడుక్కుని కూడా బతికాడు. రెండో సినిమా నుంచి లలబై పాత్ర మాక్స్ టెర్హ్యూన్‌ది. అతను పెదవి కదపకుండా బొమ్మచేత మాట్లాడించే విద్య తెలిసినవాడు. ఎల్మర్ అనే చెక్కబొమ్మను గుర్రం మీద కూడా వెంటేసుకు తిరుగుతాడు. తుపాకీ కాల్పులకు ముందు ఆ బొమ్మ జోకులెందుకో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. శనివారం మ్యాట్నీ పిల్లలకు మాత్రం తెగ నచ్చేదట.

1938లో లివింగ్‌స్టన్‌ను పెద్ద సినిమాలకు మార్చి, స్టోనీ టోపీ జాన్ వేన్ నెత్తిన పెట్టారు. వేన్ ఎనిమిది సినిమాల్లో వేశాడు. ఎనిమిదింటికీ దర్శకుడు జార్జ్ షెర్మన్, అప్పటికింకా ముప్పై దాటీ దాటని కుర్రాడు.

అసలు ముగ్గురు హీరోలెందుకు? నా లెక్క ఇది. ఒక్క పెద్ద స్టారును పెట్టుకుంటే అతను అలిగిన రోజు దుకాణం మూసుకోవాలి. అదే 1938లో రిపబ్లిక్ వాళ్ళకు జరిగింది కూడా. వాళ్ళ పాటల కౌబాయ్ జీన్ ఆట్రీ జీతం పేచీతో బయటికి నడిస్తే, హడావుడిగా రాయ్ రోజర్స్ అనే కొత్తవాణ్ణి తెచ్చి నిలబెట్టారు. ముగ్గురి జట్టుకు ఆ బెడద లేదు. ఒకడు పోతే ఇంకొకడు, పాత్ర పేరు అదే, గుర్రం అదే. కథకూ సుఖమే. ఒకణ్ణి జైల్లో పెట్టొచ్చు, ఇంకొకడు గోడ దూకి సాక్ష్యం వెతుకుతాడు, మూడోవాడు జైలరుకు కబుర్లు చెబుతాడు. పైగా హాల్లో కూర్చున్న ప్రతి పిల్లవాడికీ ‘నేను వాణ్ణి’ అనుకోవడానికి ఒకడు దొరుకుతాడు. వీళ్ళ స్నేహం గురించి డైలాగులేవీ ఉండవు. ఒకడు గుర్రం ఎక్కితే మిగతా ఇద్దరూ కారణం అడక్కుండా ఎక్కేస్తారు, అంతే.

రిపబ్లిక్ కంపెనీ పుట్టుకే తమాషా. హెర్బర్ట్ యేట్స్‌కు ఫిల్ము కడిగే ల్యాబ్ ఉండేది. చిన్నా చితకా నిర్మాణ సంస్థలన్నీ ఆ ల్యాబ్‌కు బాకీ. 1935లో ఆయన వాళ్ళందర్నీ ఒక గాటన కట్టేసి రిపబ్లిక్ అని పేరు పెట్టాడు. ఆర్థిక మాంద్యం రోజులు. హాళ్ళవాళ్ళు జనాన్ని రప్పించడానికి ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు వేసేవాళ్ళు. మొదటిది పెద్ద కంపెనీది, వసూళ్ళలో పర్సంటేజీ. రెండోదానికి ఇంత అని ఫిక్స్‌డ్ హైరు. ఇక్కడే కిటుకంతా ఉంది. ఫిక్స్‌డ్ హైరు అంటే సినిమా ఎంత బాగా ఆడినా నిర్మాతకు వచ్చేది అంతే. రాబడి ముందే తెలుసు కాబట్టి లాభం మిగలాలంటే ఖర్చు తగ్గించడం ఒక్కటే దారి. రిపబ్లిక్ తన సినిమాలకు తరగతులు పెట్టుకుంది. అట్టడుగు తరగతి పేరు ‘జూబిలీ’. వారం రోజుల్లో షూటింగు, 50 వేల డాలర్ల లోపు ఖర్చు. తెలుగువాళ్ళకు ఇదేమీ వింత కాదు. విఠలాచార్య గారి జానపదాలు చూసినవాళ్ళం. వేసిన సెట్టు పాడుకాకుండా దాన్నే తిప్పి తిప్పి వాడే పొదుపు, కాంతారావు గుర్రం దౌడు తీసే అదే దారి మనకు బాగా ఎరుకే.

హాలీవుడ్‌లో ఆ దారి పేరు ఐవర్సన్ రాంచి. లాస్ ఏంజిలెస్ శివార్లలో చాట్స్‌వర్త్ దగ్గర ఎర్రటి బండరాళ్ళ గుట్టలు. స్టూడియో నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరం. యూనిట్‌కు బస ఖర్చు లేదు. అందుకే వందల సినిమాల్లో టెక్సస్ అన్నా, అరిజోనా అన్నా, వయోమింగ్ అన్నా ఆ రాళ్ళే. నాలుగు సినిమాలు చూస్తే మనకే గుర్తుపట్టడం అలవాటవుతుంది. ఇప్పుడు ఆ గుట్టల మధ్యనుంచి పెద్ద హైవే పోతోంది.

పొదుపులోనే పనితనం కూడా పుట్టింది. యాకిమా కనట్ అని ఒక స్టంటు మనిషి, రోడియోల్లో గుర్రాలెక్కి ఎదిగినవాడు. అంతకుముందు తెర మీద కొట్లాటంటే నటులు ఒకరి భుజాల మీద ఒకరు నిజంగానే గుద్దుకునేవాళ్ళు. కనట్, వేన్ కలిసి ఒక ఉపాయం పట్టారు. కెమెరాను ఒకడి భుజం వెనక పెట్టాలి. రెండోవాడు ముఖానికి జానెడు ఎడంగా పిడికిలి విసరాలి. తగిలించుకునేవాడు సరిగ్గా ఆ క్షణానికి తల విదిల్చాలి. శబ్దం తర్వాత కలుపుకోవచ్చు. తెర మీద దవడ పగిలినట్టే ఉంటుంది. ఎన్టీఆర్, కృష్ణ, చిరంజీవి ఫైట్లలో మనం ఈలలు వేసిన ‘డిష్యుం’కు ముత్తాత ఇదే. కనట్‌కు 1967లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు.

గుర్రాల విషయంలో మాత్రం ఆ రోజులు మంచివి కావు. పరుగెత్తే గుర్రం బోర్లా పడాలంటే ‘రన్నింగ్ డబ్ల్యూ’ అని ఒక పద్ధతి ఉండేది. ముందరి కాళ్ళకు సన్నని తీగలు కట్టి, కడుపు కింది పట్టెకున్న కడియంలోంచి పోనిచ్చి, రెండో కొసను భూమిలో పాతిన గూటానికి బిగించేవాళ్ళు. తీగ అయిపోయేదాకా గుర్రం దౌడు తీస్తుంది, అయిపోగానే కాళ్ళు మడతపడి దబ్బున పడుతుంది. మీదున్నవాడికి ఎక్కడ పడతామో తెలుసు. గుర్రానికి తెలీదు. కాళ్ళు విరిగి చచ్చినవి ఎన్నో. 1939లో ఒక పెద్ద కంపెనీ వదిలిన ‘జెస్సీ జేమ్స్’లో గుర్రాన్ని కొండ అంచు నుంచి నీళ్ళలోకి పడేసి చంపారని గొడవయ్యాకే, జంతు సంక్షేమ సంఘం మనుషులు షూటింగుల్లో కూర్చోవడం మొదలైంది. ఆ కాలపు సినిమాల్లో గుర్రం పడ్డ షాటు వస్తే నేను చూపు పక్కకు తిప్పుకుంటాను.

ఇక కథ. న్యూహోప్ అనే లోయలో రైతులు యాభయ్యేళ్ళ కింద వచ్చి స్థిరపడ్డారు. ముసలి మేజర్ బ్రాడక్ ఊరికి పెద్ద దిక్కు. అతని మనవరాలు సీలియా. పండగ జరుగుతుండగా కబురొస్తుంది, దూరాన ఉన్న మహానగరానికి తాగునీళ్ళు కావాలి కాబట్టి ఈ లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టి దీన్ని చెరువు చేస్తారని. రైతులు తుపాకులు తీస్తారు. చట్టం నగరం వైపు. అప్పుడు కంట్రాక్టరు గిల్బర్ట్ ఒక బేరం పెడతాడు. ఆవల డెవిల్స్ ఏకర్ అనే ఎండు నేల ఉంది, దాన్ని తీసుకోండి, పైపులైను వేయించి నీళ్ళు పారిస్తాను అని. మన ముగ్గురు వీరులూ ఆ మాట నమ్ముతారు. నమ్మడమే కాదు, తామే ఇంటింటికీ తిరిగి రైతుల్ని ఒప్పిస్తారు. జనం సంతకాలు పెడతారు. ఆ తర్వాత తెలుస్తుంది, గిల్బర్ట్‌కు పైపులైను వేసే ఉద్దేశమే లేదని.

చవక సినిమాలో ఇంత నిఖార్సయిన ఘట్టం ఉందంటే నాకు ఆశ్చర్యం. విలన్ ఇక్కడ ఎవర్నీ కాల్చి భూమి లాక్కోడు, కాగితం రాయించుకుంటాడు. మధ్యవర్తులు మంచివాళ్ళే, వాళ్ళ మంచితనమే అతని పెట్టుబడి. ఎన్ని ఊళ్ళలో చూశాను ఈ తంతు! బయటివాడు చెబితే జనం వినరు. ‘మన పిల్లోడే చెబుతున్నాడు కదా’ అంటేనే వేలిముద్ర పడుతుంది.

రచయితలు దీన్ని గాల్లోంచి ఏమీ తీసుకోలేదు. లాస్ ఏంజిలెస్ నగరం 1913లో 233 మైళ్ళ కాలువ తవ్వి ఓవెన్స్ లోయ నీళ్ళు తెచ్చుకుంది. లోయ రైతుల పొలాలు ఎండిపోయాయి. 1924లో వాళ్ళు ఆ కాలువకు డైనమైట్లు పెట్టారు. అదే ఏడు నవంబరులో తూముల దగ్గర బైఠాయించి నాలుగు రోజులు నీళ్ళు ఆపేశారు. దగ్గర్లో షూటింగు చేసుకుంటున్న ఆనాటి కౌబాయ్ స్టార్ టామ్ మిక్స్, తన యూనిట్‌నూ బ్యాండు మేళాన్నీ వెంటబెట్టుకొచ్చి రైతులకు వినోదం ఏర్పాటు చేశాడట. 1928లో ఆ నగరం నీళ్ళ కోసమే కట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ అర్ధరాత్రి తెగి వందల మందిని మింగింది. హూవర్ డ్యామ్ వెనక నీళ్ళు పెరిగి నెవాడాలో సెయింట్ థామస్ అనే ఊరు 1938లో మునిగిపోయింది, అంటే ఈ సినిమాకు ఒక్క ఏడాది ముందు.

పెద్ద కంపెనీల వెస్టర్న్‌లలో ఈ రైతులు కనపడటం అరుదు. రిపబ్లిక్ సినిమాలు నడిచేది న్యూయార్క్‌లో కాదు, దక్షిణాది, మధ్య పశ్చిమ పల్లె టౌన్లలో. టికెట్టు కొనేవాడే అప్పుల రైతు. అతనికి ఏ గొడవ ఉందో అదే కథలో పెడితే సరి, వేరే ఖర్చు లేదు. రాయ్ రోజర్స్ హీరోగా చేసిన తొలి సినిమా ‘అండర్ వెస్టర్న్ స్టార్స్’లో హీరో ఏకంగా అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేస్తాడు, కరువు రైతులకు ఉచితంగా నీళ్ళు తేవడానికి!

నేను ఉద్యోగంలో చేరేసరికి శ్రీశైలం మునక పని జోరుగా ఉంది. నీటిమట్టం 885 అడుగులు అని రాయి పాతితే, ఆ రాయికి కిందున్నదంతా మాకు ఫైలు. కర్నూలు, పాలమూరు జిల్లాల్లో వందకు పైగా పల్లెలు. పంచనామా ఫారంలో ఇల్లు, బావి, చెట్లు అని గడులు. ఒక ఊళ్ళో నేను గడులు నింపుతుంటే ఒక పెద్దాయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“ఏం నాయనా, మా చింతచెట్టుకు ఎంత కట్టినారు?”

అంకె చెప్పాను. కాసేపు ఊరుకుని మళ్ళీ అడిగాడు.

“కాయలు లెక్కేసినారా, కట్టెలు లెక్కేసినారా?”

ఆఫీసు కట్టెలే లెక్కేసింది. ఆ ప్రశ్నను నేను నోట్‌ఫైల్లో రాసి పైకి పంపితే, మా పై ఆఫీసు నుంచి ‘అనవసర విషయం’ అని ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. 1981లో ‘ఆపరేషన్ డెమోలిషన్’ పేరు పెట్టి ఊళ్ళు కూలగొట్టేటప్పుడు జనం ద్వారబంధాలు, దూలాలు పీక్కుని ఎడ్లబండ్ల మీద వేసుకుని పోయారు. ఉద్యోగాలిస్తామని 1986లో ఇచ్చిన 98 జీవో పట్టుకుని, వాళ్ళ పిల్లలు తలలు నెరిసేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగారు. అందుకే ‘పైపులైను వేయిస్తాను’ అని గిల్బర్ట్ అన్నప్పుడు నాకు తెరలోకి చెయ్యి పెట్టి ఆ కాగితం లాక్కోవాలనిపించింది.

సినిమా గనక చివర్లో గుర్రాలు, తుపాకులతో లెక్క తేలిపోతుంది. దుర్మార్గుల పని ముగుస్తుంది. ఆ ముగింపు మీద నాకు పెద్ద గౌరవం లేదు. అయితే ఒకటి గమనించాను. ముగ్గురు హీరోలూ ఆనకట్టను ఆపలేరు, లోయను కాపాడలేరు. వాళ్ళు పోరాడేది ఇచ్చిన మాట నిలబెట్టించడం కోసమే. అంతకుమించి గొప్పలు చెప్పుకోలేదు ఆ సినిమా.

తెర మీద సీలియా చిన్న పాత్ర. వేసిన పిల్ల వయసు ఇరవై, పేరు ఫిలిస్ ఐస్లీ. ఇదే ఆమె మొదటి సినిమా. తర్వాత పేరు జెన్నిఫర్ జోన్స్‌గా మారింది. 1944 మార్చి 2న, సరిగ్గా తన 25వ పుట్టినరోజునాడు, ‘ది సాంగ్ ఆఫ్ బెర్నడెట్’కు ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది. ఇదే వరసలోని ‘ఓవర్‌ల్యాండ్ స్టేజ్ రెయిడర్స్’ ఇంకొకామెకు ఆఖరి సినిమా. మూకీల రోజుల్లో యూరప్‌ను ఊపేసిన లూయీజ్ బ్రూక్స్, 300 డాలర్లకు వేన్ పక్కన వేసి తెర వదిలేసింది. ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ అదే మెట్టన్నమాట.

వేన్ సంగతి ఇంకా విచిత్రం. జాన్ ఫోర్డ్ తీసిన ‘స్టేజ్‌కోచ్’ 1939 మొదట్లో వచ్చి ఆయన్ని ఒక్కసారిగా ఎత్తి కూర్చోబెట్టింది. కానీ రిపబ్లిక్ అగ్రిమెంటు ఇంకా అయిపోలేదు. అంచేత ఆ ఏడే పెద్ద హాళ్ళలో ‘స్టేజ్‌కోచ్’ హీరో, చిన్న హాళ్ళలో ముగ్గురిలో ఒకడు. అలా ‘స్టేజ్‌కోచ్’ తర్వాత విడుదలైన నాలుగు మెస్కిటీర్ల సినిమాల్లో చివరిదే ‘న్యూ ఫ్రాంటియర్’. ఎల్మర్ బొమ్మ అప్పటికే వెళ్ళిపోయింది, టెర్హ్యూన్ చోట రేమండ్ హాటన్ వచ్చాడు. దీనితో వేన్, కారిగన్ ఇద్దరూ జట్టు వదిలేశారు. 1935లో వేన్‌తోనే ‘ది న్యూ ఫ్రాంటియర్’ అని ఇంకో సినిమా ఉండటంతో తికమకపడి, దీన్ని కొన్నిచోట్ల ‘ఫ్రాంటియర్ హొరైజన్’ అని కూడా చూపిస్తారు.

మన కౌబాయ్‌లకు ఈ ముగ్గురితో చుట్టరికం తక్కువ. 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రాయగా, కృష్ణ గారి ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. రాజస్థాన్ ఇసుకలో తీశారు. దానికి వరవడి ఇటలీవాళ్ళు తీసిన వెస్టర్న్‌లు. ఒంటరి హీరో, నిధి వేట, ఎవణ్ణీ నమ్మకపోవడం. ‘కొదమసింహం’, ‘టక్కరిదొంగ’ దాకా అదే బాట. వాటిని చూసి పెరిగిన నాకు, నీళ్ళ పైపు కోసం గుర్రమెక్కే ముగ్గురు స్నేహితులు మొదట మరీ అమాయకంగా కనపడ్డారు.

ఈ వరసలో ఇంకొక్కటి చూసే ఓపిక ఉంటే ‘వయోమింగ్ అవుట్‌లా’ చూడండి. ఇదీ 1939దే. కరువులో దుమ్ము రేగిపోతున్న ఊరు. కూలి పని కావాలన్నా రాజకీయ నాయకుడికి ముడుపు చెల్లించాలి. ఇంట్లో తిండికి గతిలేక ఒక కుర్రాడు ఆవును దొంగిలిస్తాడు. డాన్ బ్యారీ ఆ కుర్రాడిగా వేశాడు, వేన్ కన్నా బాగా చేశాడని నా ఉద్దేశం. అదే ఏడు మార్చిలో వయోమింగ్‌లో పోలీసులు వేటాడిన ఎర్ల్ డ్యూరండ్ అనే యువకుడి ఉదంతం దీనికి ఆధారమంటారు. స్నేహితులు ముగ్గురూ అతని తరఫున అందర్నీ బతిమాలతారు, అడ్డం పడతారు, ఊరి నాయకుడి గుట్టు బయటపెడతారు. ఆ కుర్రాడు మాత్రం దక్కడు. 51 సినిమాల వరసలో, పిల్లల కోసం తీసిన చోట, అలా ముగించడానికి ఎవరు ఒప్పుకున్నారో గానీ వాళ్ళకు నా దండం.